పొడి వరుస

పదకొండేళ్లకే నూట తొంభై రాజధానులు
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి.
కాస్త్రో ఊరి చేపల సంతలో
నన్ను ఉప్పు బస్తా మీద నిలబెట్టి
"బుర్కినా ఫాసో?" అని అరిచేవాళ్లు.
"వాగదూగు!" అంటే
చేతిలో ఒక వేడి బంగాళదుంప రొట్టె.
మా చిలోయె దీవిలో
వాన తర్వాత అంత నమ్మకంగా వచ్చేది
నా జవాబొక్కటే.

తర్వాత నీళ్ల అడుగు నుంచి తీగ వచ్చింది.
ఒక్క చలికాలంలో
నా నాలుక మీదున్న ప్రపంచమంతా
పీతలమ్మే కుర్రాడి జేబులోకి వెళ్లిపోయింది.
రొట్టెలు ఆగిపోయాయి.
ఏడ్చాననుకుంటారు. లేదు, మొండికేశాను.
నదుల పొడవులు కూడా మొదలెట్టాను.

ఆ ఏడు ఆఖరి పరీక్షకి
దోమితిలా టీచరు "ఫోన్లు తీయండి, వాడుకోండి" అంది.
ఇరవై మూడు మొహాల మీద నీలం వెలుగు.
అప్పుడు బోర్డుకి ఒక పాత కాగితం గుచ్చింది.
పైభాగం చిరిగింది, ఏ ఏడో తెలీదు, ఏ నెలో తెలీదు.
రేవు కాపలాదారు రోజూ మెట్ల దాకా నడిచివెళ్లి
పోటు లెక్క రాసుకున్న కాగితం.

సోమవారం ఏడూ పన్నెండు, మూడో మెట్టు.
మంగళవారం ఏడూ యాభై ఎనిమిది, మళ్లీ మూడే.
బుధవారం ఎనిమిదీ యాభై అయిదు, నాలుగు.
గురువారం తొమ్మిదీ నలభై, అయిదు.
శుక్రవారం పదీ ఇరవై అయిదు, ఆరు.

"ఇందులో ఒకటి చూడకుండా రాసింది.
ఏదో చెప్పండి. ఎలా తెలిసిందో కూడా."

ఫోన్లు పోటు గురించి అన్నీ చెప్పాయి,
చంద్రుడి బరువుతో సహా.
నేను మంగళవారమన్నాను:
ముందురోజు మెట్టు మీదే నీళ్లు ఆగడం
నాకు తప్పులా కనిపించింది.
అందరం వంకర అంకె కోసమే వెతికాం.

నాయదెత్ కొలివోరో ఫోను తీయలేదు.
ఆ పిల్లకి చిలీ రాజధాని అడిగినా
ఒక క్షణం పట్టేది.
కాగితం దగ్గరికెళ్లి ముక్కు ఆనేంతగా వంగింది.
"గురువారం" అంది.
"మిగతా వరుసల్లో సిరా మీద చినుకులు పడ్డాయి,
ఇది పొడిగా ఉంది."

"ఆ రోజు వాన లేదేమో!" అన్నాను, పౌరుషంగా.

"కావచ్చు" అంది, కోపం లేకుండా.
"అందుకే అంకెలు కూడా చూశాను.
బుధవారానికీ శుక్రవారానికీ సరిగ్గా నడిమధ్య ఉంది,
వేళా అంతే, మెట్టూ అంతే.
సముద్రం ఎప్పుడూ కాస్త అటో ఇటో వస్తుంది.
ఇంత చక్కగా వచ్చిందంటే
ఎవరో పొయ్యి పక్కన కూచుని
శుక్రవారం నాడు గురువారాన్ని రాసుంటారు."

తరగతిలో రేకుల మీద వాన చప్పుడు.
"జవాబు అదేనా టీచర్?" అన్నారెవరో.
"నాకూ తెలీదు" అందావిడ.
"మా నాన్న రాసిందది.
ముప్పై ఏళ్లుగా అనుమానం,
ఎందుకో మాత్రం ఇవాళే తెలిసింది."

ఇప్పుడు నేను పడవల రేవులో టికెట్లు కోస్తాను.
ఏ ప్రశ్నకైనా ఫోను
ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి జవాబిస్తుంది.
మరీ నున్నగా ఉంటే
చినుకు మచ్చ ఎక్కడైనా ఉందా అని
వేలితో తడుముకుంటాను.
ఒక్కోసారి వెతకను, బద్ధకం.
పొయ్యి వెచ్చదనం నాకూ తెలుసు.

రాజధానులు మాత్రం పోలేదు.
పాపని నిద్రపుచ్చడానికి పనికొస్తున్నాయి.
నిన్న రాత్రి సగం నిద్రలో అడిగింది:
"వాగదూగులో పొద్దున్నే ఏం వాసనొస్తుంది నాన్నా?"

పదకొండేళ్లప్పటి నుంచీ ఆ ఊరు నా నోట్లోనే ఉంది.
ఒక్కసారీ లోపలికి వెళ్లి చూడలేదు.
ఫోను వైపు వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుని
"సముద్రం లేని ఊరు కదా,
చేపల వాసనైతే కాదు" అన్నాను.
"మరి?" అంది.

దీపం తీసేశాక కూడా
ఇద్దరం మెలకువగానే ఉన్నాం.